ఏటి, సెట్టిగారూ?

ఆ ఆదివారం పొద్దున పూర్ణచంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందుగదిలో వేలాడే ఉయ్యాల బల్లని కొక్కాల నుంచి దింపాలి, మేడ మీద మూలగదికి చేర్చాలి, పైన ఒక దుప్పటి కప్పాలి. భోజనాల వేళకి అక్క వస్తుంది. ఆవిడ వచ్చేలోగా ఈ పని అయిపోవాలి. ఇంత చిన్న పథకం పాడవడానికి ఏముంటుందిలే అనుకుని రెండో గ్లాసు కాఫీ కూడా నింపాదిగా తాగాడు. అదే ఆయన చేసిన మొదటి పొరపాటు.

పూర్ణచంద్రది బరంపురంలో పసుపు, చింతపండు టోకు వ్యాపారం. ముత్తాత ఎప్పుడో పసుపు బస్తాలు బండికెత్తుకుని ఆంధ్ర వైపు నుంచి వచ్చి, బేరం బాగుందని ఇక్కడే ఉండిపోయాడు. అప్పటినుంచీ వాళ్ళకి కొట్లో ఒడియా, ఇంట్లో తెలుగు. బజారంతా ఆయన్ని "సెట్టిగారూ" అని గౌరవంగా పిలుస్తుంది. ఇంట్లో ఆయన మాట భార్య ఆదిలక్ష్మి వినిపించుకున్నంత మేరకి చెల్లుతుంది.

ఆ ఉయ్యాల బల్ల వాళ్ళ నాన్నది. మంచి టేకు చెక్క, లావుపాటి ఇత్తడి గొలుసులు. నాన్న పోయాక అక్క ఉమాదేవి, "బల్ల నాకియ్యరా" అని అడిగింది. "అది ఇంటితోపాటే ఉండాల కదప్పా" అన్నాడు తమ్ముడు. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. ఆ ఒక్క మాటకి ఆవిడ సంచీ సర్దుకుని కాశీబుగ్గ వెళ్ళిపోయింది, మళ్ళీ ఈ గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే పందిరి గుంజల వైపు చూస్తూ వెళ్ళిపోయేది. ఇన్నేళ్ళూ పూర్ణచంద్ర కూడా బింకంగానే ఉన్నాడు. ఈ మధ్య గుండెలో నలతగా ఉండి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు మాత్రం ఆయనకి పసుపు ధర గుర్తుకు రాలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే తనని ఒళ్ళో వేసుకుని ఆ బల్ల మీద ఊపిన అక్క గుర్తొచ్చింది. ఇంటికి రాగానే సిగ్గు విడిచి ఫోన్ చేశాడు.

ఆవిడ ముందు గుండె సంగతి అడిగింది. తరవాత అంది. "ఒత్తాన్లే. గానీ పూర్ణా, ఒకటే మాట. ఆ బల్ల నా కంట పడకూడదు. పడిందా, గుమ్మంలోంచే ఎనక్కి ఎల్లిపోతాను. మరింక నువ్వు కాళ్ళట్టుకున్నా రాను."

పూర్ణచంద్రకి అక్కా కావాలి, బల్లా కావాలి. అందుకే ఈ దుప్పటి పథకం.

బల్ల దింపడానికి బలమైన మనిషి కావాలి. అలాంటి మనిషి మేడ మీదే ఉన్నాడు. పేరు యుహా. ఫిన్లాండ్ అనే మంచుదేశం నుంచి, గోపాలపూర్ దగ్గర క్రేన్లు బిగించే ఒక కంపెనీ పని మీద వచ్చాడు. ఈ మధ్యనే మేడ మీద వాటా అద్దెకి తీసుకున్నాడు. బజారులో ఎవరికీ ఆ పేరు నోరు తిరగక "ఊహగారూ" అనేశారు. పేరేమో ఆడపిల్లది, మనిషేమో గుమ్మంకన్నా పొడుగు. ఎవరైనా పిలిస్తే కొత్తవాళ్ళు ఆయన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూసేవాళ్ళు.

ఊహగారు బొత్తిగా మాటకారి కాదు. రోజంతా ఆయన నోట్లోంచి వచ్చేది ఒకటే వాక్యం. "కేవుంటి రాకిపీ?" అంటాడు. పూర్ణచంద్ర దాన్ని వాళ్ళ ఊరి యాసలో ఇంగ్లీషు అనుకున్నాడు. ముక్క అర్థం కాక, "ఏమిటి?" అనడానికి గంజాం జిల్లా తెలుగువాడెవడైనా ఏమంటాడో అదే అనేవాడు.

"ఏటి?"

దొర మొహం వెలిగిపోయేది. "ఏటి!" అని తనూ ఒకసారి అని, బుద్ధిగా తలూపి, చేతిలో ఏది ఉంటే అది అక్కడే పెట్టేసేవాడు.

"సూసేవా ఆదిలక్ష్మీ, మన మాట అప్పుడే పట్టేసేడు!" అని మురిసిపోయేవాడు పూర్ణచంద్ర.

దిగిన రోజున బూట్లు పట్టుకుని ఆ ప్రశ్న అడిగాడు. అప్పుడు పూర్ణచంద్ర పూజ ముగించి దేవుడి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏటి?" అన్నాడు. దొర బూట్లు దేవుడి గడప పక్కన జాగ్రత్తగా, ముక్కులు లోపలికి ఉండేలా సర్దిపెట్టి మేడెక్కి వెళ్ళిపోయాడు.

ఆదిలక్ష్మి హారతి పళ్ళెంతో వచ్చి నిలువునా ఆగిపోయింది. "ఏటండీ ఇది? దేవుడి ముందర జోళ్ళేటి?"

"గట్టిగా అరవకు. ఆళ్ళ దేశం పద్ధతేమో. జోళ్ళు దేవుడి కాడ ఇడిస్తే అహంకారం ఇడిచినట్టు" అన్నాడు పూర్ణచంద్ర. ఇలాంటి పద్ధతి ఉందని ఆయన ఎక్కడా వినలేదు. అనగానే మాత్రం తనకే బాగా నచ్చింది. "పాపం, పరాయి దేశం నుంచొచ్చినోడు. ఆయనెలాగా సర్దుకోనేడు. మనవే సర్దుకోవాల."

తరవాత సైకిలు వచ్చింది. ఆ ప్రశ్న అడిగే సమయానికి పూర్ణచంద్ర వంటింట్లో వేరుశెనగలు నములుతున్నాడు. కాబట్టి సైకిలు పొయ్యి పక్కకి చేరింది.

"మంచుదేశం కదే. సైకిలుకి సలేస్తాదని పొయ్యి కాడ ఎట్టుకుంటారు కావాల."

"బరంపురంలోనా? మే నెల్లోనా?"

"అలవాటెక్కడికి పోద్ది?"

ఆదిలక్ష్మి ఒక నిట్టూర్పు విడిచి, సైకిలు సీటు మీద కూరగాయల బుట్ట పెట్టుకోవడం నేర్చుకుంది. ఆ తరవాత నడవ నిండా పొడుగాటి చెక్క పెట్టెలు దిగాయి. పైన్ చెక్కల వాసన, లోపల పలకలు, ఒక ఇనప పొయ్యి, ఒక సంచీడు నున్నటి నల్లరాళ్ళు. ఇదేమిటని సైగ చేస్తే ఊహగారు కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, ఎంతో భక్తిగా "సౌనా" అన్నాడు.

"దేవుడు" అన్నాడు పూర్ణచంద్ర గొంతు తగ్గించి. "విడి ముక్కలుగా తెచ్చుకున్నాడు. ఆ రాళ్ళు సూసేవా, మన సాలగ్రామాల్నాగ?"

అప్పటినుంచి ఆ పెట్టెల మీద ఎవరూ కాలు పెట్టలేదు.

ఇక్కడ అసలు సంగతి చెప్పేయాలి. పూర్ణచంద్రకి తెలిసేదాకా దాచిపెడితే చదివేవాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది. ఊహగారు మాట్లాడేది ఇంగ్లీషు కాదు, ఒడియా. "మీరు వెళ్ళేది ఒడిశా, అక్కడివాళ్ళతో కలిసిపోవాలంటే ఒడియా రావాలి" అని కంపెనీవాళ్ళు ఆయనకి పంతుల్ని పెట్టి మరీ నేర్పించారు. అద్దెకి దిగే ఇంట్లో తెలుగు మాట్లాడతారని మాత్రం ఎవరికీ తోచలేదు. "కేఉంఠి రఖిబి?" అంటే ఒడియాలో "ఎక్కడ పెట్టమంటారు?" అని. ఆయన భాషలో ఒత్తులు లేవు, బకారాలు కూడా సరిగా పలకవు. అందుకని ఆ ఒడియా ఆయన నోట్లో పడి, పుట్టిన దగ్గర్నుంచి ఒడియా మాట్లాడేవాళ్ళకి కూడా ఆనవాలు దొరక్కుండా పోయింది. ఇక ఒడియాలో "ఏఠి" అంటే "ఇక్కడ". "సేఠి" అంటే "అక్కడ". ఊహగారి చెవికి ఠకి, టకి తేడా లేదు. పంతులు ఇంకో మాట కూడా చెప్పాడు. పెద్దవాళ్ళు చూపించిన చోటే పెట్టాలి, రెండోసారి అడగడం అమర్యాద అని. ఊహగారు మర్యాద తప్పే మనిషి కాదు.

ఇలా ఒకే కప్పు కింద ఆయన వీళ్ళ ఆచారాలకి, వీళ్ళు ఆయన ఆచారాలకి ఒళ్ళు హూనం చేసుకుని మరీ సర్దుకుంటున్నారు. ఆ ఆచారాలు ఈ దేశంలోనూ లేవు, ఆ దేశంలోనూ లేవు.

ఆ ఆదివారం సైగలు చేసి బల్ల చూపించగానే ఊహగారు ఉత్సాహంగా వచ్చాడు. బరువులెత్తడం ఆయన వృత్తి. నిచ్చెన కూడా అడగకుండా చేతులు చాచి కొక్కాల నుంచి గొలుసులు తప్పించి, బల్లని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

"కేవుంటి రాకిపీ?"

"ఏటి?" అన్నాడు పూర్ణచంద్ర.

బల్ల ముందుగది మధ్యలో నేలమీద దిగింది.

"ఇక్కడ కాదు సామీ! పైకి, పైకి!" అని పూర్ణచంద్ర చెయ్యి పైకెత్తి చూపించి, దారి చూపడానికి తనే మేడమెట్ల దగ్గరకి వెళ్ళాడు. దొర బల్లతో వెనకాలే వచ్చాడు. మెట్ల దగ్గర ఆగి వినయంగా మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. పూర్ణచంద్ర చిరాకుగా "ఏటీ?" అన్నాడు. బల్ల మెట్లకి అడ్డంగా కూర్చుంది.

మేడ మీద అప్పడాలు ఎండబెట్టి వస్తున్న ఆదిలక్ష్మి సగం మెట్ల మీద చిక్కుకుపోయింది. "నేనెలాగ దిగాలండీ? ఒదిన ఒచ్చీసరికి నన్నిలాగ మెట్ల మీదుంచి సూపిస్తారేటి?"

బల్ల మళ్ళీ లేచింది. పూర్ణచంద్ర, పెరట్లో మూలగా పడేసినా నయమే అనుకుని పెరట్లోకి పరిగెత్తాడు, బల్ల ఆయన వెనకాలే వచ్చింది. పెరట్లో అంట్లు తోముతున్న తవిటమ్మ ఆ పొడుగు మనిషినీ, ఆ గొలుసుల మోతనీ చూసి "ఓలమ్మో, ఏటది?" అని కేక పెట్టింది. బల్ల అంట్ల మీద దిగింది. చింతపండు పులుసు కోసం తోమి బోర్లించిన కంచు గిన్నె ఒకటి సొట్టపోయింది. ఆదిలక్ష్మి పుట్టింటి గిన్నె అది. సరిగ్గా అప్పుడే వీధిలో కారు హారన్ వినిపించింది.

పూర్ణచంద్రకి గుండె జారిపోయింది. ఈసారిది ఆసుపత్రి నలత కాదు. అక్క వచ్చేసింది. బల్ల ఇంకా దాగలేదు. ఇన్నేళ్ళ తరవాత ఇంటిదాకా వచ్చిన మనిషి, ఒక చెక్కముక్క కంట పడిందని వెనక్కి వెళ్ళిపోతే మళ్ళీ ఈ జన్మలో రాదని ఆయనకి తెలుసు. పెరటి తలుపు నుంచి సందులోకి దాటించేస్తే చాలనుకుని, బల్ల మళ్ళీ ఎత్తించి, దండెం మీద దుప్పటి లాగి బల్ల మీదికి విసిరాడు. అది బల్లతోపాటు దాన్ని ఎత్తుకున్న ఊహగారిని కూడా కప్పేసింది.

కళ్ళకి ఏమీ కనపడని ఊహగారు పెరటి తలుపు అనుకుని ఇంటి పక్కనున్న దారి పట్టాడు. ఆ దారి నేరుగా వీధి గుమ్మంలోకి వెళ్తుంది.

ఉమాదేవి అప్పుడే కారు దిగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, "అమ్మా, మోకాళ్ళూ" అనుకుంటూ ఒక్కొక్క అడుగే వేస్తోంది. గుమ్మం దగ్గర ఎదురుగా, నిలువెత్తు దుప్పటి ఒకటి గొలుసులు మోగిస్తూ వచ్చి ఆగింది. దుప్పటి లోపలినుంచి గంభీరమైన గొంతు పలికింది.

"కేవుంటి రాకిపీ?"

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "నారాయణా! ఏటిది?"

దుప్పటి సంతోషంగా ఊగింది. బల్ల ఆవిడ కాళ్ళ ముందు మెత్తగా దిగింది, దుప్పటి జారిపోయింది. టేకు బల్ల, ఇత్తడి గొలుసులు, పక్కన తల చెరిగిపోయి నవ్వుతున్న దొర. వెనకాల పూర్ణచంద్ర, మెట్లు దిగి పరిగెత్తుకొచ్చిన ఆదిలక్ష్మి.

ఉమాదేవి బల్లని చూసింది, తమ్ముణ్ణి చూసింది.

"నాను సెప్పింది ఒకే ఒక్క మాట" అంది. "పైడయ్యా, బండి తిప్పు."

"అప్పా!" అన్నాడు పూర్ణచంద్ర.

కారు నడిపే పైడయ్య ఈ గొడవేదీ గమనించలేదు. డిక్కీ తెరిచి, అమ్మగారు తమ్ముడి కోసం తెచ్చిన జీడిపప్పు డబ్బాలు దింపడానికి తంటాలు పడుతున్నాడు. బండి తిప్పమనగానే కంగారుపడి, చెయ్యి ఊపుతూ కేకేశాడు. "సెట్టిగారూ! ఓ సెట్టిగారూ! డబ్బాలు దింపుకోండి సెట్టిగారూ!"

ఊహగారు తల తిప్పి చూశాడు. ఒక మనిషి కారు పక్కన నిలబడి, చెయ్యి ఊపి, "సేఠి, సేఠి" అని పదేపదే చెబుతున్నాడు. అక్కడ, అక్కడ. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? పొద్దున్నుంచీ ఇక్కడ ఇక్కడ అంటూ ఇల్లంతా తిప్పినవాళ్ళు ఇప్పటికి ఒక నిర్ణయానికి వచ్చారని ఆయనకి ప్రాణం లేచొచ్చింది. బల్లెత్తి కారు టాపు మీద పెట్టాడు. కింద చెక్కకి గీతలు పడకుండా దుప్పటి పరిచాడు. డిక్కీలో తాడు తీసి, ఓడల మీద సరుకు బిగించినట్టు ముడులేసి, ఒకసారి ఊపి చూసి, తృప్తిగా రెండు దెబ్బలు చరిచాడు. ఇదంతా ఆయన ఎంత చకచకా చేశాడంటే, పైడయ్యకి చేతిలో డబ్బా కింద పెట్టడానికి కూడా తీరిక చిక్కలేదు.

ఉమాదేవి కారెక్కబోతూ ఆగిపోయింది. కారు మీద బల్లని చూసింది. దాని కింద పరిచిన దుప్పటిని చూసింది. మెల్లిగా వెనక్కి తిరిగింది.

"ఒరే పూర్ణా" అంది. గొంతు మారిపోయింది. "ఇందుకా దుప్పటి కప్పించేవు? నాకు తెలీకుండా బండికెత్తించీడానికా?"

పూర్ణచంద్ర నోరు తెరిచాడు. "ఏ..." అని మొదలెట్టాడు. ఆదిలక్ష్మి వెనకనుంచి ఆయన వీపు మీద గట్టిగా గిల్లి, "అవునొదినా. ఆసుపత్రి నుంచొచ్చిన కాడ్నుంచీ ఇదే మాట. అప్ప బల్ల అప్పకిచ్చీయాలి, ఇచ్చీయాలి అని" అంది.

ఉమాదేవి కారు దగ్గరకెళ్ళి మునివేళ్ళ మీద లేచి బల్ల అంచు తడిమింది. అక్కడ చిన్నప్పుడు తమ్ముడు మేకుతో గీకిన పిచ్చిగీతలున్నాయి. ఆ గీతలకి నాన్న కొట్టబోతే తనే గీశానని చెప్పి అక్క దెబ్బలు తింది. ఆ సంగతి పూర్ణచంద్ర పూర్తిగా మరిచిపోయాడు. ఆవిడ మరిచిపోలేదని ఇప్పుడు ఆవిడ వేళ్ళు చూస్తే తెలిసింది. ఆవిడ ఏడుస్తోంది. దాచుకోవడం కూడా లేదు. పూర్ణచంద్రకి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఈ చెక్కకోసమా ఈ మనిషిని దూరం చేసుకున్నాను అనిపించింది. బల్ల పోతున్నందుకు బాధగానే ఉంది. అక్క మొహం చూస్తుంటే ఆ బాధ నిలవడం లేదు.

"తీసుకెళ్ళప్పా" అన్నాడు. ఈసారి ఆయన్ని ఎవరూ గిల్లలేదు.

ఉమాదేవి కొంగుతో మొహం తుడుచుకుని, గడప దాటి, కుడికాలు లోపల పెట్టింది.

ఆ పూట భోజనాలు ఆలస్యమైనా అందరూ ఆవురావురుమని తిన్నారు. ఊహగారిని కూడా కూర్చోబెట్టారు. సొట్టపోయిన గిన్నెలోనే పులుసు వచ్చింది. ఉమాదేవి ముందుగదిలో, ఖాళీ కొక్కాల కింద కుర్చీ వేయించుకుని తమలపాకులు చుడుతుండగా, ఊహగారు చెయ్యి కడుక్కుని వచ్చి నడవలో పెట్టెల వైపు చూపిస్తూ ఆవిణ్ణి భక్తిగా అడిగాడు.

"కేవుంటి రాకిపీ?"

"ఏటి నాయినా?" అంది ఆవిడ ప్రేమగా.

సాయంత్రానికల్లా ముందుగది మధ్యలో, ఉయ్యాల బల్ల ఉండాల్సిన చోట, చెక్క గది ఒకటి లేచింది. లోపల చెక్క బల్లలు, మూలన ఇనప పొయ్యి, దాని మీద నల్లరాళ్ళ కుప్ప. ఊహగారు ఏసీ కోసం పెట్టించిన లావు తీగ నుంచి కరెంటు లాగి పొయ్యి వెలిగించి, తువ్వాలు తెచ్చుకోవడానికి మేడ మీదికి వెళ్ళాడు.

"ఏటండీ ఇది, ఇంటి నట్టనడుమ?" అని ఆదిలక్ష్మి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"దేవుడి మందిరమే. కాదనకూడదు."

దేవుడనగానే ఉమాదేవి లేచింది. పసుపూ, కుంకుమా, చెంబుతో నీళ్ళూ తెప్పించుకుని లోపలికెళ్ళింది. రాళ్ళకి దూరంనుంచే చిటికెడు కుంకుమ జల్లి, కళ్ళు మూసుకుని, చెంబెడు నీళ్ళూ అభిషేకం చేసేసింది. భుస్సుమని పొగలాగా ఆవిరి లేచి గదంతా కమ్ముకుంది. బయటనుంచి చూస్తే అక్క కనిపించలేదు.

"అప్పా!" అని పూర్ణచంద్ర తలుపు మీద పడ్డాడు.

"అరవకురా" అంది లోపలినుంచి ఆవిడ గొంతు, మత్తుగా. "మహిమ గల సామి. కూకోమన్నాడు, కూకున్నాను."

ఆవిడ బయటికొచ్చేసరికి మొహం పసుపు రాసిన గడపలా మెరుస్తోంది. మూడడుగులు వేసి ఆగింది. మరో మూడు వేసింది. "పూర్ణా, మోకాళ్ళు సూడరా. పట్టు ఒదిలేసేయి!" అని, ఆ గదికి చుట్టూ ప్రదక్షిణం చేసింది, ఎక్కడా ఆనకుండా. "ఒచ్చీ నెల మళ్ళీ ఒత్తాను. నెలనెలా ఒత్తాను. ఈ సామిని కదపకండి."

ఊహగారు తువ్వాలుతో దిగి వచ్చి, ఆవిరి చూసి, ఎవరో తనకన్నా ముందే, వేడి రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి పట్టుకునే తన దేశపు పద్ధతి పాటించేశారని ఆనందపడిపోయాడు. తనూ వెళ్ళి కూర్చుని, ఎర్రగా కందిపోయి బయటికొచ్చి, పూర్ణచంద్ర ఎదురుగా నిలబడ్డాడు. ఆవిరి పడితే గానీ నోరు పెగలని జాతి కాబోలు, మొదటిసారి వరసగా మాట్లాడాడు. మెల్లిగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ.

మొదట పూర్ణచంద్రకి ఏమీ అర్థం కాలేదు. తరవాత మధ్యలో "మో కరొ" అన్న మాట చెవిన పడింది. "మో ఘరొ" అంటే ఒడియాలో నా ఇల్లు. ఒళ్ళు ఝల్లుమంది. ఒరే, ఇది ఇంగ్లీషు కాదు! అప్పటినుంచి చెవులు రిక్కించి వింటే, తెరలు తొలగినట్టు ఒక్కొక్క మాటా తేటపడింది.

ఊహగారు చెబుతున్నది ఇది. తను చాలా దేశాల్లో పనిచేశాడు. ఎక్కడ ఏ సామాను తీసుకెళ్ళినా అందరూ వేలు చాచి "సేఠి" అనేవాళ్ళు. అక్కడ పెట్టుకో, అటు మూలకి. "మీరొక్కరే" అన్నాడు, "నేను ఏది తెచ్చినా ఏఠి అన్నారు. బూట్లు తెస్తే మీ దేవుడి దగ్గర ఏఠి. సైకిలు తెస్తే మీ వంటింట్లో ఏఠి. ఇవాళ నా సౌనా తెస్తే ఇంటి నడుమ ఏఠి."

పూర్ణచంద్రకి బుర్ర గిర్రున తిరిగింది. ఏఠి. ఏటి. బూట్లు, సైకిలు, మెట్లు, అంట్లు, కారు. పగలబడి నవ్వాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు. అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. కానీ ఎదురుగా ఆ పొడుగాటి మనిషి, తువ్వాలు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అది చెమటే అన్నట్టు తుడుచుకుంటున్నాడు. పసుపు బండితో ఈ ఊళ్ళో దిగిన ముత్తాత కూడా, ఎవరో ఒకళ్ళు ఏఠి అంటేనే కదా నిలబడ్డాడు అనుకున్నాడు పూర్ణచంద్ర.

ఊహగారికి ఆయన మౌనం చూసి అనుమానం వచ్చింది. మంచి చోటు ఆక్రమించేశానేమో అనుకున్నాడు. పంతులు చెప్పిన నియమాన్ని కూడా పక్కనపెట్టి, చెక్క గదిని చూపిస్తూ రెండోసారి అడిగాడు.

"కేవుంటి రాకిపీ?"

మేడ మీద అనొచ్చు. పెరట్లో అనొచ్చు. గోపాలపూర్ ఇసకలో అని కూడా అనొచ్చు. ఆదిలక్ష్మి మొగుడి వైపు ఆశగా చూస్తోంది. ఉమాదేవి మోకాళ్ళు నిమురుకుంటూ చూస్తోంది. పూర్ణచంద్ర ఊపిరి పీల్చుకుని, జీవితంలో మొదటిసారి ఒత్తు ఎక్కడా జారకుండా పలికాడు.

"ఏఠి."

బరంపురంలో మే నెలలో చెమట పట్టించుకోవడానికి ప్రత్యేకంగా ఒక గది ఉన్న ఇల్లు, ఇప్పటికీ వాళ్ళదొక్కటే.